అందరూ పాల్గొనగలిగే కార్యక్రమం: ఆహ్వానం నుంచి రికార్డింగ్ దాకా

ఒక సదస్సుకు చక్కటి పోస్టర్ తయారైంది. తేదీ, సమయం, వేదిక, వక్తల పేర్లు, రిజిస్ట్రేషన్ కోసం క్యూఆర్ కోడ్, అన్నీ ఆ బొమ్మలోనే ఉన్నాయి. దాన్ని వాట్సాప్ గ్రూపులన్నిటిలో పెట్టేశారు. చూపు లేని ఒకాయన ఫోన్‌కు కూడా అది వెళ్లింది. తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఆయనకు చెప్పింది ఒక్కటే మాట: "ఫోటో". హాలులో ర్యాంపు ఉంది, ముందు వరుసలో సీట్లు అట్టేపెట్టారు, తోడుగా నడిపించడానికి వాలంటీర్లను కూడా పెట్టారు. అవేవీ ఆయనకు ఉపయోగపడవు. అసలు సదస్సు జరుగుతోందన్న సంగతే ఆయనకు తెలియలేదు.

అందుకే ఈ మార్గదర్శిని, ఒక మనిషి కార్యక్రమంలోకి ఏ వరుసలో అడుగుపెడతారో ఆ వరుసలోనే రాస్తున్నాను. ముందు కబురు అందాలి. పేరు నమోదు చేసుకోగలగాలి. వెబ్‌సైట్, పత్రాలు చదవగలగాలి. ఆన్‌లైన్‌లోనో హాలులోనో జరుగుతున్నది అందుకోగలగాలి, తనూ మాట్లాడగలగాలి. మధ్యలో ఏ ఒక్కచోట దారి మూసుకుపోయినా ఆ మనిషికి మిగతా ఏర్పాట్లన్నీ లేనట్టే.

"మా కార్యక్రమాలకు అలాంటివాళ్లు ఎవరూ రారండీ" అని నిర్వాహకులు అంటూ ఉంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచంలో దాదాపు 130 కోట్ల మంది, అంటే ప్రతి ఆరుగురిలో ఒకరు, ఏదో ఒక ముఖ్యమైన వైకల్యంతో జీవిస్తున్నారు. వాళ్లు రావడం లేదంటే, రాలేకపోతున్నారేమో అని అనుమానించడమే న్యాయం. 2006 డిసెంబర్ 13న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వైకల్యం ఉన్న వ్యక్తుల హక్కుల ఒడంబడిక 9వ అధికరణం భవనాలు, రవాణాతో పాటు సమాచారాన్ని, డిజిటల్ సాంకేతికతను కూడా అందరికీ అందుబాటులో ఉంచాలంటుంది. కాబట్టి ఇది హక్కు, మనం చేసే ఉపకారం అనుకోకూడదు.

మొదటి అడుగు: మొదటి మీటింగ్‌లోనే మొదలుపెట్టండి

యాక్సెసిబిలిటీని, అంటే అందరికీ అందుబాటులో ఉండేలా చేయడాన్ని, చివరి వారంలో ఆలోచించడమంటే ఇల్లు కట్టేశాక గోడలు పగలగొట్టి పైపులు వేయడం లాంటిది. ఖర్చూ ఎక్కువే, పని కూడా సరిగ్గా కుదరదు. హాలు బుక్ చేశాక మెట్లు గుర్తొస్తాయి. వీడియో ప్లాట్‌ఫామ్‌కు డబ్బు కట్టేశాక అందులో క్యాప్షన్ల సదుపాయం, అంటే మాట్లాడే మాటలను తెర మీద అక్షరాలుగా చూపే సదుపాయం, లేదని తెలుస్తుంది.

మొదటి మీటింగ్‌లో మూడు పనులు తేల్చుకోండి. బడ్జెట్‌లో క్యాప్షన్లకు, సంజ్ఞా భాష అనువాదకులకు, వేదిక మార్పులకు విడిగా డబ్బు పెట్టండి. విడిగా రాయకపోతే ఖర్చు తగ్గించాల్సి వచ్చినప్పుడు మొదట కోత పడేది వీటికే. రెండోది, యాక్సెసిబిలిటీ బాధ్యత ఒక మనిషికి పేరు పెట్టి అప్పగించండి. "అందరి బాధ్యత" అని వదిలేస్తే ఎవరూ చూడరు. మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది: నిర్వాహక బృందంలో వైకల్యం ఉన్నవారు ఉండాలి. "మా గురించి మేము లేకుండా ఏ నిర్ణయమూ వద్దు" అన్నది ప్రపంచవ్యాప్తంగా వైకల్యం ఉన్నవారి హక్కుల ఉద్యమం నినాదం. దాన్ని అక్షరాలా పాటించండి. ఒక్కరిని పిలిచి అందరి తరఫునా చెప్పమంటే కుదరదు. వీల్‌చైర్ వాడేవారికి స్క్రీన్ రీడర్ ఇబ్బందులు తెలియాలని లేదు, వినికిడి లేనివారికి ఆటిజం ఉన్నవారి అవసరాలు తెలియాలని లేదు. వాళ్లు వెచ్చించే సమయానికి, మిగతా నిపుణులకు ఇచ్చినట్టే, డబ్బు ఇవ్వండి.

అనువాదకులను, లైవ్ క్యాప్షన్లు టైప్ చేసే క్యాప్షనర్లను వారాల ముందే బుక్ చేసుకోవాలి. ఈ పని బాగా చేసేవారు తక్కువ, చివరి నిమిషంలో దొరకరు.

రెండో అడుగు: కబురు అందేలా రాయండి

పోస్టర్ పెట్టండి, తప్పు లేదు. దానిలో ఉన్న ప్రతి వివరాన్నీ కింద మామూలు అక్షరాల్లో కూడా టైప్ చేయండి. క్యూఆర్ కోడ్‌తో పాటు లింకు కూడా ఇవ్వండి. ఫోన్‌లోనే పోస్టర్ చూస్తున్నవాళ్లకు ఆ కోడ్‌ను స్కాన్ చేయడం ఎవరికైనా కష్టమే. ఆల్ట్ టెక్స్ట్, అంటే బొమ్మకు జోడించే వివరణ, రాసే సౌకర్యం ఉన్నచోట తప్పకుండా రాయండి. "చిత్రం" అని మొదలుపెట్టక్కర్లేదు, ఆ మాట స్క్రీన్ రీడరే చెబుతుంది. బొమ్మ ఏం చెబుతోందో ఒకటి రెండు వాక్యాల్లో రాస్తే చాలు.

ఎమోజీలను వాక్యం చివర ఒకటి రెండు వాడితే ఇబ్బంది లేదు. వరసగా పది చప్పట్ల బొమ్మలు పెడితే స్క్రీన్ రీడర్ వాటి పేర్లను ఒక్కొక్కటిగా చదువుకుంటూ పోతుంది, అసలు విషయం దాకా రావడానికి ఓపిక నశిస్తుంది. హ్యాష్‌ట్యాగ్‌లో నాలుగు తెలుగు మాటలు కలిపి రాయాల్సి వస్తే మధ్యలో అండర్‌స్కోర్ పెట్టండి, మాటలు విడివిడిగా వినిపిస్తాయి.

ఆహ్వానంలో ఏ ఏర్పాట్లు ఉన్నాయో, ఏవి లేవో రెండూ రాయండి. "అందరికీ అందుబాటులో ఉంటుంది" అన్న వాక్యం ఎవరికీ ఉపయోగపడదు. "హాలు మొదటి అంతస్తులో ఉంది, లిఫ్ట్ ఉంది, వీల్‌చైర్ పట్టే టాయిలెట్ అదే అంతస్తులో ఉంది, వేదిక మీదికి ర్యాంపు ఉంది, అన్ని సెషన్లకూ లైవ్ క్యాప్షన్లు ఉంటాయి, సంజ్ఞా భాష అనువాదం ప్రారంభ సభకు మాత్రమే ఉంటుంది" అని రాస్తే రావాలో వద్దో ఎవరికి వారు నిర్ణయించుకోగలరు. లేనిదాన్ని లేదని చెప్పడం నామోషీ కాదు. చెప్పకుండా రప్పించి, గుమ్మం దగ్గర ఆపేయడం కంటే అదెంతో నయం.

మూడో అడుగు: రిజిస్ట్రేషన్ ఫారం

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. ఆగిపోయినట్టు మనకు తెలియదు కూడా, ఎందుకంటే నింపలేకపోయిన ఫారం మన దాకా రాదు.

మౌస్ పక్కన పెట్టేసి ఒకసారి కీబోర్డ్‌తోనే మీ ఫారం నింపి చూడండి. ట్యాబ్ నొక్కితే తర్వాతి గడికి వెళ్లాలి, షిఫ్ట్ ట్యాబ్ నొక్కితే వెనక్కి రావాలి, స్పేస్‌తో టిక్కు పడాలి, ఎంటర్‌తో ఫారం వెళ్లాలి. ఇప్పుడు ఏ గడిలో ఉన్నామో చుట్టూ గీతతోనో రంగుతోనో స్పష్టంగా కనిపిస్తుండాలి. ఆ గీత అందంగా లేదని కొందరు డిజైనర్లు తీసేస్తారు. చేతులు వణికేవాళ్లు, మౌస్ పట్టుకోలేనివాళ్లు దాని మీదే ఆధారపడతారు. ట్యాబ్ కొడుతూ పోతే ఒక్కోసారి క్యాలెండర్ లోపలికి వెళ్లి బయటికి రాలేకపోతాం. అలాంటి చోట తేదీని టైప్ చేసే వీలు కల్పించండి.

తర్వాత లేబుళ్లు. గడి లోపల లేత అక్షరాలతో "మీ పేరు" అని రాసి, టైప్ చేయడం మొదలుపెట్టగానే అది మాయమయ్యే పద్ధతి చాలా ఫారాల్లో ఉంది. మతిమరుపు ఉన్నవారికి, ఏకాగ్రత కుదరనివారికి మధ్యలో ఇది ఏ గడో గుర్తుండదు. స్క్రీన్ రీడర్ వాడేవారికి ఒక్కోచోట "ఎడిట్" అని మాత్రమే వినిపిస్తుంది, అందులో ఏం రాయాలో చెప్పదు. గడి పైన శాశ్వతంగా ఉండే లేబుల్ పెట్టి, కోడ్‌లో దాన్ని ఆ గడికి ముడిపెట్టించండి.

తప్పు దొర్లినప్పుడు గడి ఎర్రబడితే సరిపోదు. రంగులు తేడా తెలియనివారికి, చూపు లేనివారికి అది అందదు. "ఫోన్ నంబర్‌లో ఒక అంకె తగ్గింది" అని మాటల్లో, ఆ గడి పక్కనే చెప్పండి. వంకర అక్షరాలు చూసి టైప్ చేయమనే క్యాప్చాలు వద్దు. "పది నిమిషాల్లో నింపకపోతే మొత్తం పోతుంది" లాంటి గడువులూ వద్దు. తప్పనిసరైతే గడువు పొడిగించుకునే బటన్ ఇవ్వండి.

ఇక ఫారంలో ఉండాల్సిన అసలు ప్రశ్న. "మీకు వైకల్యం ఉందా? ఎంత శాతం?" అని అడక్కండి. అది వైద్యుడు అడగాల్సిన ప్రశ్న, పైగా దానికి జవాబు వచ్చినా మీరేం ఏర్పాటు చేయాలో తెలియదు. ఇలా అడగండి: "మీరు పూర్తిగా పాల్గొనడానికి ఏ ఏర్పాట్లు కావాలి?" కింద టిక్కు పెట్టుకునేలా కొన్ని ఇవ్వండి: లైవ్ క్యాప్షన్లు, సంజ్ఞా భాష అనువాదం, ముందుగా పత్రాలు, పెద్ద అక్షరాల ముద్రణ లేదా బ్రెయిలీ, వీల్‌చైర్‌కు చోటు, వినికిడి యంత్రానికి అనుసంధానం, సహాయకులకు ప్రవేశం, నిశ్శబ్దంగా కూర్చోవడానికి గది. చివర ఒక ఖాళీ గడి ఉంచండి, మీ ఊహకు అందని అవసరం అక్కడే తెలుస్తుంది. సంజ్ఞా భాష కోరినవారిని ఏ సంజ్ఞా భాషో కూడా అడగాలి. ప్రపంచమంతటికీ ఒకటే సంజ్ఞా భాష లేదు, దేశాన్ని బట్టి మారుతుంది, దేనికి దాని వ్యాకరణం ఉంటుంది.

ఈ జవాబులు ఎవరు చూస్తారో ఫారంలోనే చెప్పండి. సర్టిఫికెట్ అప్‌లోడ్ చేయమని అడగడం నా దృష్టిలో అవమానమే. సహాయకులకు టికెట్ పెట్టకండి, వాళ్లు లేకుండా వచ్చే వీలు లేనప్పుడు ఒకే మనిషి రెండు టికెట్లు కొన్నట్టవుతుంది. సందేహాలకు ఫోన్ నంబర్ ఒక్కటే ఇస్తే వినికిడి లేనివారికి దారి ఉండదు, మెసేజ్ పంపే నంబరో ఈమెయిలో కూడా ఇవ్వండి.

నాలుగో అడుగు: వెబ్‌సైట్‌కు పరీక్షలు

వెబ్ పేజీలకు అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది. వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ దాన్ని తయారుచేసింది, పేరు డబ్ల్యూసీఏజీ (వెబ్ కంటెంట్ యాక్సెసిబిలిటీ గైడ్‌లైన్స్). 2008లో 2.0, 2018లో 2.1, 2023 అక్టోబర్‌లో 2.2 వెర్షన్లు వచ్చాయి. ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ అని మూడు స్థాయిలు ఉంటాయి, మామూలుగా అందరూ లక్ష్యంగా పెట్టుకునేది డబుల్ ఏ. వెబ్‌సైట్ చేసి పెట్టేవారితో ఒప్పందం రాసుకునేటప్పుడు "డబ్ల్యూసీఏజీ 2.2 డబుల్ ఏ స్థాయి" అని ఒక్క వాక్యం చేర్చండి. తర్వాత వాదించుకోవాల్సిన అవసరం రాదు.

ప్రమాణమంతా చదివే తీరిక లేకపోయినా ఈ కొన్నిటిని మీరే చూసుకోవచ్చు.

రంగులతో మొదలుపెట్టండి. మామూలు అక్షరాలకూ వెనకున్న రంగుకూ మధ్య కాంట్రాస్ట్, అంటే వెలుగులో తేడా, కనీసం 4.5:1 ఉండాలి, పెద్ద అక్షరాలకు 3:1 చాలు. తెలుపు మీద నలుపుకు అది 21:1. ఇప్పుడు ఫ్యాషన్‌గా వాడే లేత బూడిద రంగు, #999999 కోడ్ ఉన్నది, తెలుపు మీద 3:1 కూడా దాటదు. #767676 అంత ముదురు చేస్తే పాస్ అవుతుంది. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే కాంట్రాస్ట్ చెకర్లలో రెండు రంగుల కోడ్‌లు పెడితే నిమిషంలో తెలిసిపోతుంది. ఫోటో మీద అక్షరాలు వేయడం మానేస్తే మేలు.

బ్రౌజర్‌లో పేజీని 200 శాతానికి, ఆపైన 400 శాతానికి పెంచి చూడండి. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడకూడదు. వాక్యం చదవడానికి పక్కకు జరుపుకుంటూ పోవాల్సి రాకూడదు. ఫోన్‌లో బటన్లు వేలికి అందేంత పెద్దవిగా, ఒకదానికొకటి తగలకుండా ఉండాలి. 2.2 వెర్షన్ కనీస కొలత 24 పిక్సెళ్లు అంటుంది, 44 ఉంటే చేతుల మీద పట్టు తక్కువున్నవారికి హాయిగా ఉంటుంది. సెకనుకు మూడుసార్లకు మించి మెరిసేది ఏదీ పేజీలో గానీ వీడియోలో గానీ ఉండకూడదు, కొందరికి దానివల్ల మూర్ఛ వస్తుంది.

ఇక స్క్రీన్ రీడర్‌తో పరీక్ష. విండోస్ కంప్యూటర్ ఉంటే ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. ఆస్ట్రేలియాలో చూపు లేని ఇద్దరు ప్రోగ్రామర్లు, మైఖేల్ కర్రన్, జేమ్స్ టే, దాన్ని నిర్మించారు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో టాక్‌బ్యాక్, ఆపిల్ పరికరాల్లో వాయిస్‌ఓవర్ ముందే ఉంటాయి. ఎన్‌వీడీఏ ఆన్ చేసి, మానిటర్ ఆపేసి, మీ పేజీలో హెచ్ అక్షరం నొక్కుతూ పోండి. ఒక్కో నొక్కుకు తర్వాతి శీర్షిక దగ్గరికి వెళ్లాలి: "కార్యక్రమ వివరాలు", "వక్తలు", "వేదికకు దారి". స్క్రీన్ రీడర్ వాడేవారు పేజీలో తిరిగేది ఇలాగే. అక్షరాలను పెద్దవి చేసి, బోల్డ్ చేసి శీర్షికలా కనిపించేలా మాత్రమే చేసి ఉంటే, హెచ్ నొక్కితే "తర్వాతి శీర్షిక లేదు" అన్నట్టు వినిపిస్తుంది. పేజీ మొత్తం మొదటి నుంచి వినుకుంటూ రావడం తప్ప ఆ మనిషికి ఇంకో దారి ఉండదు. ఇన్సర్ట్ పట్టుకుని ఎఫ్7 నొక్కితే పేజీలోని లింకులన్నీ జాబితాగా వస్తాయి. అందులో "ఇక్కడ క్లిక్ చేయండి" అని ఎనిమిది సార్లు ఉంటే ఏది ఎక్కడికి పోతుందో ఎలా తెలుస్తుంది? "రెండో రోజు షెడ్యూల్" అని లింకుకే పేరు పెట్టండి.

తెలుగులో రాసే మనం ఇంకొకటి చూసుకోవాలి. పేజీ కోడ్‌లో భాష ఇంగ్లిష్ అని ఉండిపోతే స్క్రీన్ రీడర్ ఇంగ్లిష్ గొంతుతో తెలుగు చదవబోయి తడబడుతుంది, ఒక్కోసారి అసలు చదవకుండా దాటిపోతుంది. తెలుగు పేజీకి భాష తెలుగు అనే ఉండాలి.

వేవ్, యాక్స్, లైట్‌హౌస్ లాంటి ఆటోమేటిక్ చెకర్లు వాడండి, కానీ అవి పట్టుకునేది సమస్యల్లో కొంత భాగాన్నే. బొమ్మకు వివరణ ఉందో లేదో చెబుతాయి, ఆ వివరణకు అర్థం ఉందో లేదో చెప్పలేవు. ఒక్క లైను కోడ్ అతికిస్తే సైట్ మొత్తం అందరికీ అందుబాటులోకి వచ్చేస్తుందని అమ్మే ఓవర్‌లే టూల్స్ జోలికి పోకండి. అడుగున ఉన్న లోపాలు అలాగే ఉంటాయి. అవి తమ స్క్రీన్ రీడర్‌కే అడ్డుపడుతున్నాయని వాడేవాళ్లు ఎప్పటి నుంచో చెబుతున్నారు.

ఐదో అడుగు: పత్రాలు, స్లైడ్లు

తెలుగు పత్రాల్లో అన్నిటికంటే పెద్ద చిక్కు ఫాంట్లది. పాత డీటీపీ ఫాంట్లలో కూర్చిన పత్రం కంటికి తెలుగులా కనిపిస్తుంది, లోపల ఉండేది మాత్రం ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల గందరగోళం. పరీక్ష చాలా తేలిక: పీడీఎఫ్‌లో నుంచి ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. అక్కడ ఏం కనిపిస్తే స్క్రీన్ రీడర్ వాడేవారికి వినిపించేది దాదాపు అదే. ఏ పరికరంలోనైనా తెలుగు అక్షరాలుగానే ఉండే యూనికోడ్‌లో టైప్ చేసినా, పీడీఎఫ్‌గా మార్చాక ఒత్తులూ గుణింతాలూ చెదిరిపోతుంటాయి. అందుకే పీడీఎఫ్ ఒక్కటే ఇవ్వకుండా అదే విషయాన్ని వర్డ్ ఫైలుగానో వెబ్ పేజీగానో కూడా ఇవ్వండి. స్కాన్ చేసిన కాగితం ఉత్త ఫోటోయే, దాన్ని పత్రం అనుకోకండి.

వర్డ్‌లో శీర్షికలకు హెడింగ్ స్టైల్స్ వాడండి. పీడీఎఫ్ చేసేటప్పుడు "ప్రింట్" దారిలో వెళ్లకుండా "సేవ్ యాజ్" గానీ "ఎక్స్‌పోర్ట్" గానీ వాడండి. ప్రింట్ దారిలో వెళ్తే శీర్షికలు, బొమ్మల వివరణలు మోసే ట్యాగులు పోతాయి.

స్లైడ్లలో ప్రతిదానికీ శీర్షిక ఉండాలి, బొమ్మలకు, గ్రాఫ్‌లకు వివరణ ఉండాలి. అక్షరాలు చివరి వరుస వాళ్లకూ కనిపించాలి. స్లైడ్లను రెండు మూడు రోజుల ముందే పంపమని వక్తలను అడగండి. వక్తలు చివరి రాత్రి దాకా మారుస్తూనే ఉంటారు, అది సహజం. మారిన తర్వాత కొత్తది మళ్లీ పంపమనండి, అంతే. వాటిని ముందుగా అందుకున్న అనువాదకులు, క్యాప్షనర్లు పేర్లూ సాంకేతిక పదాలూ సిద్ధం చేసుకుంటారు.

ఆరో అడుగు: ఆన్‌లైన్ సమావేశం

ఇల్లు కదలకుండా పాల్గొనవచ్చు కాబట్టి ఆన్‌లైన్ సమావేశం వైకల్యం ఉన్నవారికి తేలిక అనుకుంటారు. చాలామందికి అది నిజమే, అందుకే హాలులో జరిగే కార్యక్రమానికి కూడా ఆన్‌లైన్ దారి ఒకటి ఉంచమంటాను. కానీ అక్కడ కూడా అడ్డంకులు ఉన్నాయి, అవి నిర్వాహకుల కంటికి కనబడవు.

మొదటిది స్క్రీన్ షేర్. మీరు స్లైడ్ షేర్ చేస్తే అవతలి వాళ్లకు చేరేది కదిలే బొమ్మ మాత్రమే. అందులోని అక్షరాలను స్క్రీన్ రీడర్ చదవలేదు. వక్త "ఈ గ్రాఫ్ చూస్తే మీకే అర్థమవుతుంది" అని రెండు క్షణాలు ఆగి ముందుకు వెళ్లిపోతారు. చూపు లేనివారికి అక్కడ మిగిలేది ఆ రెండు క్షణాల మౌనమే. "ఈ గ్రాఫ్‌లో మొదటి మూడేళ్లు గీత దాదాపు సమంగా ఉంది, నాలుగో ఏడు ఒక్కసారిగా రెట్టింపైంది" అని నోటితో చెబితే అందరికీ మంచిది, ఫోన్‌లో చిన్న తెర మీద చూస్తున్నవాళ్లతో సహా.

రెండోది చాట్. స్క్రీన్ రీడర్ కొత్త మెసేజ్ వచ్చినప్పుడల్లా దాన్ని పైకి చదువుతుంది. వక్త మాట్లాడుతుండగా వందమంది "శుభోదయం", "నమస్తే", "బాగుంది" అని పెడుతూ ఉంటే, ఆ చదువు వక్త గొంతు మీద పడి రెండూ కలిసిపోతాయి. సెట్టింగుల్లో ఆపుకోవచ్చు గానీ అప్పుడు పనికొచ్చే మెసేజ్ కూడా పోతుంది. చాట్‌ను ప్రశ్నలకే వాడమని ముందే చెప్పండి. చాట్‌లో వచ్చిన ప్రశ్నను, పంచుకున్న లింకు దేనికో కూడా మోడరేటర్ పైకి చదవాలి.

మూడోది క్యాప్షన్లు. ఆటోమేటిక్ క్యాప్షన్లు ఏమీ లేకపోవడం కంటే మేలు. కానీ పేర్ల దగ్గర, సాంకేతిక పదాల దగ్గర, తెలుగూ ఇంగ్లిషూ కలిపి మాట్లాడే చోట అవి బోల్తా పడతాయి. "లేదు" అన్నది జారిపోతే వాక్యం అర్థమే తలకిందులవుతుంది, చదివేవారికి అది తప్పని తెలిసే అవకాశమే లేదు. ముఖ్యమైన సభలకు, వైద్యం, చట్టం, పరీక్షల విషయాలకు మనిషి టైప్ చేసే లైవ్ క్యాప్షన్లే పెట్టండి.

క్యాప్షన్లు ఉన్నాయి కదా అని సంజ్ఞా భాష అనువాదం తీసేయకండి. పుట్టుకతో వినికిడి లేని చాలామందికి సంజ్ఞా భాషే మొదటి భాష, రాసిన భాష రెండోది. గంటకు మించిన కార్యక్రమానికి కనీసం ఇద్దరు అనువాదకులు కావాలి. సుమారు 20 నిమిషాలకోసారి మారుతూ ఉంటారు, అంతకు మించి ఒక్కరే చేస్తే అలసటతో అనువాదం దెబ్బతింటుంది. తెర మీద అనువాదకుల వీడియో ఎప్పుడూ ఒకే చోట, చేతులూ ముఖమూ బాగా కనిపించేంత పెద్దదిగా ఉండాలి. ముఖం మీద వెలుతురు పడాలి, వెనక సాదా రంగు గోడ ఉండాలి.

మిగిలినవి మర్యాదకు సంబంధించినవి. ఒకరి తర్వాత ఒకరు మాట్లాడాలి. మాట్లాడే ముందు పేరు చెప్పాలి. వేగం తగ్గించాలి. కెమెరా తప్పనిసరిగా ఆన్ చేయాలన్న నియమం పెట్టకండి, కొందరికి అది భరించలేని ఒత్తిడి. ఒక రోజు ముందు అదే ప్లాట్‌ఫామ్ మీద అనువాదకులు, క్యాప్షనర్, స్క్రీన్ రీడర్ వాడే ఒకరితో కలిసి రిహార్సల్ చేయండి.

ఏడో అడుగు: హాలు

"వీల్‌చైర్ వెళ్తుందండీ" అని హాలు వాళ్లు ఫోన్‌లో చెప్పిన మాట నమ్మకండి. వీల్‌చైర్ వాడే సహచరులతో కలిసి వెళ్లి, వాహనం దిగే చోటు నుంచి సీటు దాకా, సీటు నుంచి టాయిలెట్ దాకా, అక్కడి నుంచి వేదిక దాకా తిరిగి చూడండి. కొలతల టేపు తీసుకెళ్లండి. ర్యాంపు వాలు 1:12కు మించి నిటారుగా ఉండకూడదు, అంటే 50 సెంటీమీటర్ల ఎత్తున్న వేదికకు 6 మీటర్ల ర్యాంపు కావాలి. చెక్క పలక ఒకటి అడ్డంగా వేసి ర్యాంపు అనడం ప్రమాదం. తలుపు తెరిచాక 80 సెంటీమీటర్ల ఖాళీ తప్పనిసరి, 90 ఉంటే నయం. వీల్‌చైర్ పూర్తిగా తిరగడానికి మీటరున్నర చోటు కావాలి. టాయిలెట్ తలుపు తెరిచి చూడటం మరవకండి. వీల్‌చైర్ వాడేవారి కోసం కట్టిన టాయిలెట్‌లో చీపుళ్లు, బకెట్లు, విరిగిన కుర్చీలు దాచి తాళం వేసిన భవనాలు చాలానే ఉంటాయి.

వీల్‌చైర్ల చోటును ఒక మూలకు తోసేయకుండా ముందూ మధ్యలో కూడా కుర్చీలు తీసి ఉంచండి. స్నేహితుల పక్కన కూర్చోవాలని ఎవరికైనా ఉంటుంది. వేదికకు ర్యాంపు గురించి అడిగితే "వక్తల్లో వీల్‌చైర్ వాడేవాళ్లు లేరు కదా" అంటారు. ప్రశ్న అడగడానికి, బహుమతి అందుకోవడానికి, వచ్చే ఏడాది వక్తగా పిలవడానికి కూడా వేదిక కావాలి. పోడియం మైకుతో పాటు చేతిలో పట్టుకునేది, కాలర్‌కు పెట్టుకునేది కూడా సిద్ధంగా ఉంచండి.

వినికిడి యంత్రాలు వాడేవారికి హియరింగ్ లూప్ ఉన్న హాలు దొరికితే చాలా మేలు. అది హాలులో అమర్చే తీగ చుట్టు; దానివల్ల మైకు శబ్దం హాలు గోలతో కలవకుండా నేరుగా వినికిడి యంత్రంలోని టీ-కాయిల్ అనే చిన్న తీగచుట్టకు చేరుతుంది. స్లైడ్ల కోసం లైట్లు ఆపినా అనువాదకుల మీద, వక్త ముఖం మీద వెలుతురు ఉండాలి, పెదవుల కదలిక చూసి అర్థం చేసుకునేవారు ఉంటారు. ఒక చిన్న గదిని నిశ్శబ్దం కోసం కేటాయించండి. గోల, జనం, మెరుపు లైట్లు తట్టుకోలేనివారికి పది నిమిషాలు అక్కడ కూర్చునే వీలుంటే రోజంతా ఉండగలుగుతారు. విరామాలు కుదించకండి.

ఎనిమిదో అడుగు: వక్తలకు, వాలంటీర్లకు ముందే చెప్పండి

వక్తలకు ఒక పేజీ సూచనలు పంపండి. మైకులోనే మాట్లాడాలి. "నా గొంతు అందరికీ వినబడుతుంది, మైకు అక్కర్లేదు" అన్నప్పుడు ఎదురుచెప్పండి, హియరింగ్ లూప్‌కు, క్యాప్షనర్‌కు, ఆన్‌లైన్ వాళ్లకు మైకులో పడని మాట చేరదు. సభలోంచి మైకు లేకుండా ప్రశ్న వస్తే దాన్ని మైకులో తిరిగి చెప్పాకే జవాబివ్వాలి. "ఇది", "అది", "ఇక్కడ" అని వేలు చూపించే బదులు పేరు పెట్టి చెప్పాలి.

వాలంటీర్లతో ఒక గంట కూర్చోండి. సాయం చేసే ముందు అడగాలి, కాదంటే వదిలేయాలి. చూపు లేనివారి చెయ్యి పట్టి లాగకూడదు, మన మోచెయ్యి అందిస్తే వాళ్లే పట్టుకుని నడుస్తారు. వెళ్లిపోయేటప్పుడు "వెళ్తున్నాను" అని చెప్పాలి. అడగకుండా వీల్‌చైర్ ముట్టుకోకూడదు, అది వాళ్ల శరీరంలో భాగం కిందే లెక్క. అనువాదకులతో వచ్చిన వ్యక్తిని చూస్తూ, ఆ వ్యక్తితోనే మాట్లాడాలి. "ఈయనకు ఏం కావాలట?" అని పక్కవాళ్లను అడిగితే మనసు కష్టపడుతుంది. ఎవరినీ "మీలాంటి వాళ్లు ఇంత దూరం వచ్చారంటే స్ఫూర్తిదాయకం" అని పొగడొద్దు, అనుమతి లేకుండా ఫోటోలు తీయొద్దు.

ఆ రోజు లిఫ్ట్ ఆగిపోవచ్చు, క్యాప్షనర్ నెట్ పోవచ్చు. అప్పుడు ఎవరికి ఫోన్ చేయాలి, ఎవరు నిర్ణయం తీసుకోవాలి అన్నది ముందే రాసిపెట్టుకుంటే టెన్షన్ సగం తగ్గుతుంది. అత్యవసర పరిస్థితిలో మెట్లు దిగలేనివారిని ఎలా బయటికి తీసుకెళ్లాలో హాలు వాళ్లతో మాట్లాడి తేల్చుకోండి. అలారం మోగితే వినబడనివారికి తెలిసేలా మెరిసే దీపం ఉందో లేదో కూడా అడగండి.

తొమ్మిదో అడుగు: ముగిసిన తర్వాత

రికార్డింగ్ పెట్టేటప్పుడు ఆటోమేటిక్ క్యాప్షన్లను ఒక మనిషి సరిదిద్దాలి, సంజ్ఞా భాష వీడియో కత్తిరించకుండా ఉంచాలి. మాటలన్నీ రాసిన ప్రతిని కూడా జతచేయండి. వినికిడి, చూపు రెండూ లేనివారు దాన్ని బ్రెయిలీ డిస్‌ప్లే మీద వేళ్లతో చదువుకోగలరు. నెట్ సరిగా లేనివారికీ అదే పనికొస్తుంది.

అభిప్రాయాలు అడిగే ఫారాన్ని కూడా మూడో అడుగులో చెప్పినట్టే పరీక్షించాకే పంపండి. "ఎక్కడ ఇబ్బంది పడ్డారు? ఏ ఏర్పాటు అడిగి కూడా దొరకలేదు?" అని నేరుగా అడగండి. ఫిర్యాదు వస్తే సమర్థించుకోకుండా, ఏం మారుస్తారో తేదీతో సహా జవాబు రాయండి. అడిగిన ఏర్పాట్లు, వాటికైన ఖర్చు, బాగా పనిచేసిన అనువాదకుల, క్యాప్షనర్ల వివరాలు, హాలులో కొలిచిన అంకెలు ఒక ఫైలులో పెట్టి తర్వాతి కార్యక్రమం చేపట్టేవారికి వాళ్ల మొదటి మీటింగ్‌కు ముందే అందించండి.